లాగోస్‌లో రైళ్లొచ్చాయి సరే, ట్రాఫిక్ తగ్గిందా?

కృష్ణలంక_కుర్రాడు

నైజీరియాలో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా అన్నయ్యకి లాగోస్‌లో ఒక ప్లాస్టిక్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, ఫ్యాక్టరీ ఇకేజా వైపు. వదిన వాళ్ల చుట్టాలు లెక్కీలో ఉన్నారు, ఇల్లు కూడా అక్కడే తీసుకుంటే పిల్లలకి తోడు ఉంటుందని ఆవిడ పట్టు. మ్యాప్‌లో చూస్తే మహా అయితే పాతిక ముప్పై కిలోమీటర్లు. యూట్యూబ్‌లో లాగోస్ మెట్రో వీడియోలు చూశాను, నీళ్ల మీద వంతెన ఎక్కి రైలు పోతుంటే భలే ఉంది. ఇక ట్రాఫిక్ టెన్షన్ లేనట్టేనా? రోజూ రైల్లో వెళ్లి రావచ్చా?

ఇకేజా_అన్న

తమ్ముడూ, ముందు వదినగారికి ఫోన్ చేసి అడ్వాన్స్ ఇవ్వొద్దని చెప్పు, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

లెక్కీ ఒక మూల, ఇకేజా ఇంకో మూల, మధ్యలో పెద్ద ఉప్పుటేరు లాంటి లగూన్. దాన్ని దాటి లెక్కీ ఉన్న ఐలాండ్ వైపు నుంచి ఇకేజా ఉన్న మెయిన్‌లాండ్‌కి రావాలంటే ఉన్నవి మూడే వంతెనలు: థర్డ్ మెయిన్‌లాండ్, ఎకో, కార్టర్. థర్డ్ మెయిన్‌లాండ్ ఒక్కటే 11.8 కిలోమీటర్ల పొడవు, 1990లో పూర్తయింది. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ నాలుగో వంతెన మాత్రం ఇంకా కాగితాల మీదే ఉంది. మీ అన్నకి ఒక్క ఊరట ఏంటంటే, పొద్దున జనమంతా మెయిన్‌లాండ్ నుంచి ఐలాండ్‌కి పోతుంటే ఆయన ఎదురు దిక్కున వస్తాడు. కానీ వంతెన మీద ఒక్క ట్యాంకర్ చెడిపోయిందా, ఏ దిక్కయినా ఒకటే.

ఇక రైలు. నువ్వు వీడియోలో చూసింది బ్లూ లైన్. ఐలాండ్‌లోని మరీనా నుంచి మైల్ 2 అనే పేట దాకా 13 కిలోమీటర్లు, 5 స్టేషన్లు, పడమర దిక్కు. ఇకేజా మీదుగా పోయేది రెడ్ లైన్, అగ్బాడో నుంచి ఓయింగ్బో దాకా 27 కిలోమీటర్లు. లెక్కీకి గ్రీన్ లైన్ అని ఒకటి అనుకుంటున్నారు, అనుకుంటూనే ఉన్నారు. పైగా ఎర్ర లైనూ నీలం లైనూ ఇంతవరకు ఎక్కడా కలవలేదు. ఓయింగ్బోలో దిగి బస్సెక్కి వంతెన దాటి మరీనాకి పోవాలి. కాబట్టి లెక్కీ నుంచి ఇకేజాకి రోజూ రైల్లో అనే మాట మర్చిపోండి.

పట్టాల_పిచ్చి

అన్నా, అంత తీసిపారేయకు. ఆ 13 కిలోమీటర్ల వెనక ఎంత కథ ఉందో తమ్ముడికి తెలియాలి.

లాగోస్‌కి మెట్రో కావాలని 1983లోనే అప్పటి గవర్నర్ లతీఫ్ జకాండే పని మొదలుపెట్టించాడు. ఏడాది తిరక్కుండా సైన్యం గద్దెనెక్కింది, 1985లో ఆ ప్రాజెక్టు రద్దయింది. తవ్వింది గోతులు, కట్టింది జరిమానాలు, లాగోస్ జనం సొమ్ము 7 కోట్ల 80 లక్షల డాలర్ల దాకా అప్పనంగా పోయింది. అప్పుడు దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు ముహమ్మదు బుహారీ. 2023 జనవరిలో బ్లూ లైన్‌కి రిబ్బన్ కత్తిరించింది ఎవరు? ఎన్నికల్లో గెలిచి ప్రెసిడెంట్ అయిన అదే బుహారీ. మన దగ్గర ఇలాంటిది జరిగితే టీవీ చానళ్లు వారం రోజులు వదలవు.

ఈ బ్లూ లైన్ పని కూడా 2010లో మొదలై, అదిగో ఇదిగో అంటూ సాగి సాగి 2023 సెప్టెంబర్ 4న జనాన్ని ఎక్కించుకుంది. రెండు పట్టాల పక్కన వేసిన మూడో పట్టాలోంచి కరెంటు తీసుకునే మెట్రో పశ్చిమాఫ్రికాలో మామూలు విషయం కాదు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో అయితే మరీను. మెచ్చుకోవాల్సిందే.

రెడ్ లైన్ రైళ్ల సంగతి ఇంకా తమాషా. అవి టాల్గో అనే స్పెయిన్ కంపెనీ బోగీలు, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం కోసం అక్కడే మిల్వాకీలో తయారయ్యాయి. ప్రభుత్వం మారి ఆ రాష్ట్రం వాటిని వద్దంది. ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ముకొట్టుకుని ఉంటే 2022లో లాగోస్ రాష్ట్రం వెళ్లి రెండు సెట్లు కొనుక్కొచ్చింది. అమెరికా వాడు ఎక్కని రైలు లాగోస్‌లోని అగెగే జనం ఎక్కుతున్నారు.

కంటైనర్_కష్టాలు

రైలు పిచ్చోళ్లు జనాన్ని ఎక్కించే రైళ్ల గురించే మాట్లాడతారు. లాగోస్ రోడ్లు ఎందుకిలా తగలడ్డాయో తెలియాలంటే అపాపాకి రండి. మందుల దిగుమతిలో ఉన్నాను, రోజూ నా పని ఆ పోర్టుతోనే.

ఇంత పెద్ద దేశం. కోకోనో నువ్వులో బయటికి పోవాలన్నా, చైనా నుంచో మన ముంబై నుంచో సరుకు రావాలన్నా ఎక్కువ భాగం లాగోస్‌లోని అపాపా, టిన్ కాన్ ఐలాండ్ పోర్టుల మీదుగానే. తూర్పున వార్రీ, కలబార్, పోర్ట్ హార్కోర్ట్ పోర్టులు ఉన్నా పెద్ద ఓడలకి లోతు చాలదు, ఓనే అనే పోర్టు ఒక్కటే కొంత నయం. సరే, లాగోస్‌లోనే దిగింది సరుకు, అక్కడి నుంచి దేశం లోపలికి ఎలా పోవాలి? బ్రిటిష్ వాళ్లు 1898లో వేయడం మొదలుపెట్టిన 1067 మిల్లీమీటర్ల చిన్న గేజ్ రైలు ఒకప్పుడు కానో దాకా వేరుశనగ మూటలు మోసింది. అది మూలపడ్డాక మొత్తం లారీల మీద పడింది. అదే చోట పెట్రోల్ నిల్వ చేసే ట్యాంకుల బారులు. పైపులైన్లు పనిచెయ్యవు కాబట్టి దేశం నలుమూలల నుంచి ట్యాంకర్లు అక్కడికే వచ్చేవి. కంటైనర్ లారీలూ ట్యాంకర్లూ ఒకే రోడ్డు మీద.

2018, 19 ప్రాంతంలో చూడాల్సింది. వంతెనల మీదంతా వరసగా లారీలు, ఇంజిన్లు ఆపేసి. డ్రైవర్లు లారీ కింద చాప వేసుకుని పడుకునేవాళ్లు, పొద్దున్నే అక్కడే పళ్లు తోముకోవడం, కిరసనాయిల్ స్టవ్ మీద వంట, లుంగీలు రెయిలింగ్ మీద ఆరేయడం. రెండు మూడు వారాలు అలా ఉండిపోయిన వాళ్లున్నారు. ఓడ కిరాయి కంటే పోర్టు నుంచి పది కిలోమీటర్ల గోడౌన్‌కి లారీ కిరాయి ఎక్కువ అనేది మా లైన్లో అందరూ అనే మాట, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. ఖాళీ కంటైనర్ టైముకి తిరిగి ఇవ్వకపోతే షిప్పింగ్ లైను జరిమానా వేస్తుంది, తిరిగి ఇద్దామంటే పోర్టులోకి పోయే దారే లేదు. ఏం చేస్తాం, కట్టాం.

2021 ఫిబ్రవరిలో లారీలకి 'ఎటో' అనే పేరుతో ఆన్‌లైన్ పద్ధతి పెట్టారు. లారీలు ఊరి బయట పార్కుల్లో ఆగాలి, పిలుపు వస్తేనే కదలాలి. రోడ్డు కూడా డాంగోటే కంపెనీ పన్ను మినహాయింపు కింద కాంక్రీటుతో కొత్తగా వేసింది. చాలా తేడా వచ్చింది, కాదనను. కాకపోతే దారిలో చేతులు చాపే వాళ్లు తగ్గలేదు, ఒక్కో మలుపులో ఒక్కో రేటు. యూనిఫాం ఉన్నవాడికి ఒకటి, లేనివాడికి ఇంకోటి.

ఉద్దానం_ఫిట్టర్

మాది కవిటి దగ్గర. ఇబెజు లెక్కీలో డాంగోటే రిఫైనరీ కడుతున్నప్పుడు పని చేశాను, మన ఇండియా వాళ్లు వేల మంది ఉండేవాళ్లు. అపాపా గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. రిఫైనరీకి వచ్చిన సామాను ఆ పోర్టులో దింపి ఆ రోడ్ల మీద తేవడం జరిగే పని కాదని, సముద్రం ఒడ్డున సొంతంగా జెట్టీ కట్టుకున్నారు. 2019 చివర్లో చైనా నుంచి ముడిచమురు శుద్ధి చేసే కాలమ్ ఒకటి వచ్చింది, దాని బరువు రెండు వేల టన్నుల పైమాటే. ఏ వంతెన మోస్తుంది దాన్ని? అక్కడ నేలంతా చిత్తడి, సముద్రంలోంచి ఇసుక తోడి పోసి గట్టి చేశాకే పునాదులు పడ్డాయి.

పక్కనే లెక్కీ డీప్ సీ పోర్టు. 2023 జనవరిలో ప్రారంభించారు, పదహారున్నర మీటర్ల లోతు, అపాపాకి రాలేని పెద్ద ఓడలు వస్తాయి. దీని వెనక ఉన్న టొలారామ్ గ్రూపు సింధీ వాళ్లది, నైజీరియా అంతా తినే ఇండోమీ నూడుల్స్ కూడా వాళ్ల చలవే. అయితే ఇంత పోర్టుకీ పట్టా లేదు. రైలు లైను లేకుండా పోర్టు తెరిచేశారు. కంటైనర్లు బార్జీల మీద లగూన్‌లోంచి లోపలికి తెస్తున్నారు, మిగతావి మళ్లీ లెక్కీ-ఎపే రోడ్డు మీదే. అదే రోడ్డు మీద లక్షల మంది కాపురాలు.

కాకినాడ_కాజా

ఆ లక్షల్లో నేనూ ఒకదాన్ని 😀 లెక్కీని మరీ భూతంలా చూపించకండి. బడులు బావుంటాయి, మన సరుకులు దొరుకుతాయి, వదినగారి మాటలో తప్పేం లేదు. పని ఐలాండ్‌లో ఉన్నవాళ్లకి ఇదే సుఖం. ఇకేజాలో పని పెట్టుకుని ఇక్కడ ఉండటం మాత్రం శిక్ష.

వానాకాలం గురించి ఎవరూ చెప్పలేదు. జూన్, జూలైలో గంట వాన పడితే కాలనీ రోడ్లు మోకాలి లోతు. చిన్న కార్లు అక్కడే ఆగిపోతాయి. ఆ రోజుల్లో నన్ను ఇంటికి చేర్చేది మన బజాజ్ ఆటో, ఇక్కడ కేకే అంటారు, పసుపు రంగు. చిన్నప్పుడు కాకినాడ జగన్నాథపురం వంతెన మీద ఎక్కిన ఆటోనే, హ్యాండిల్ దగ్గర దేవుడి బొమ్మ బదులు బైబిల్ వాక్యం స్టిక్కర్ ఉంటుంది, అంతే తేడా. ఒకాడా అనే బైకులు కూడా ఎక్కువగా బజాజ్ బాక్సర్లే, కానీ వాటిని 2020లో పెద్ద రోడ్ల మీద, 2022లో మా ఎటి ఓసా ప్రాంతంతో సహా చాలా చోట్ల పూర్తిగా నిషేధించారు. ప్రమాదాలు, దొంగతనాలు జరిగేవి నిజమే. కానీ ఒకాడా పోయాక లోపలి వీధుల్లో ఉండే పనిమనుషులు, వాచ్‌మన్లు మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నారు. బైకు తీసేసిన వాళ్లు బదులేం ఇచ్చారు?

పడవల సంగతి కూడా చెప్పాలి. ఇకోరోడు నుంచి ఐలాండ్‌కి రోడ్డు మీద పూట పడుతుంది, పడవలో గంటలోపే. టెర్మినల్స్ బాగా కట్టారు, లైఫ్ జాకెట్ వేసుకోనిదే ఎక్కనివ్వరు. ఒకటే ఇబ్బంది, సీజన్‌లో గుర్రపుడెక్క లగూన్ అంతా పట్టేసి ఇంజిన్ ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది, కుర్రాడు కత్తి పట్టుకుని వంగి కోస్తుంటే మనం ఎండలో కూర్చోవాలి.

నల్లకుంట_నారద

బయటి నుంచి ఒక ప్రశ్న. చైనా దగ్గర అప్పులు తెచ్చి ఈ రైళ్లన్నీ కట్టి ఏం సాధించినట్టు? లాగోస్-ఇబాదాన్ రైలు ఖాళీగా తిరుగుతోందని ఎక్కడో చదివాను. శ్రీలంక హంబన్‌టోటా పోర్టులా అవుతుందేమో.

పట్టాల_పిచ్చి

ఎక్కడో చదివారు కాబట్టి అడుగుతున్నా, ఎక్కి చూసినవాళ్లు రాసిందా?

లాగోస్-ఇబాదాన్ 157 కిలోమీటర్లు, స్టాండర్డ్ గేజ్, చైనా ఎగ్జిమ్ బ్యాంక్ అప్పు, చైనా కంపెనీయే కట్టింది. 2021 జూన్ 10న ప్రారంభమైంది. నేను ఎక్కాను. ఏసీ బాగుంటుంది, టైముకి కదులుతుంది, రెండున్నర గంటల్లో దింపుతుంది. ఇదే దూరం పాత ఎక్స్‌ప్రెస్ రోడ్డులో ఎంత పడుతుందో దేవుడికే తెలియాలి, ముఖ్యంగా దారిలో పెద్ద చర్చి క్యాంపులో నెలవారీ ప్రార్థన ఉన్న రాత్రి.

లోటు ఎక్కడుందంటే ఆ చివర. ఇబాదాన్ స్టేషన్‌ని ఊరి బయట మోనియాలో కట్టారు. దిగాక ఊళ్లోకి పోవడానికి టాక్సీ బేరాలు, అదనంగా ఇంకో గంట. రోడ్డు మీద బస్సు మిమ్మల్ని ఊరి మధ్యలో దింపుతుంది. ఇక సరుకు రవాణా మీదే అప్పు తీరాలి, అపాపా రేవు లోపలికి స్టాండర్డ్ గేజ్ చేరడానికే ఏళ్లు పట్టింది. జనం టికెట్ల మీదే రైలు అప్పు తీరడం ఎక్కడైనా అరుదే.

హంబన్‌టోటాతో పోల్చకండి. అక్కడ ఓడలు ఆగని చోట పోర్టు కట్టారు, ఇక్కడ జనం కిక్కిరిసిన చోట రైలు వేశారు. సమస్య గిరాకీ కాదు, ట్రిప్పులు చాలకపోవడం. రెడ్ లైన్ కూడా ఇదే లాగోస్-ఇబాదాన్ పట్టాల మీద నడుస్తుంది. హైదరాబాద్ ఎంఎంటీఎస్ ఎక్కినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: దూరప్రయాణం రైలుకి దారి వదలాలి, లోకల్ ఆగాలి. 2024 ఫిబ్రవరిలో రిబ్బన్ కత్తిరించి జనాన్ని ఎక్కించడం అక్టోబర్‌లో గానీ మొదలుపెట్టలేదు, అప్పుడు కూడా ట్రిప్పులు బహు తక్కువ.

ఇంకో సంగతి, రాష్ట్రాలు సొంతంగా రైలు నడపడానికి నైజీరియా రాజ్యాంగంలో వీలు కల్పించిందే 2023 మార్చిలో. అంతకుముందు రైల్వే అంటే కేంద్రం సొత్తు. లాగోస్ ఆ చట్టం రాకముందే లైను కట్టేసి కూర్చుంది.

నల్లకుంట_నారద

మరి అబుజా-కడూనా రైలు మీద దాడి? దానికేమంటారు? సేఫ్టీ లేని రైలు ఎందుకు?

ఇకేజా_అన్న

అది 2022 మార్చి 28 రాత్రి. పట్టాలు పేల్చి రైలు ఆపి కాల్పులు జరిపారు, జనం చనిపోయారు, 60 మందికి పైగా ఎత్తుకెళ్లారు. ఆఖరి వాళ్లు ఇంటికి వచ్చేసరికి అక్టోబర్. అసలు జనం ఆ రైలెక్కిందే అబుజా-కడూనా రోడ్డు మీద కిడ్నాపుల భయంతో, రైలైతే క్షేమమని. డిసెంబర్‌లో మళ్లీ నడపగానే మళ్లీ ఎక్కారు, ఎందుకంటే రోడ్డు ఇంకా భయం. అది ఉత్తరాన, ఇక్కడికి ఏడెనిమిది వందల కిలోమీటర్లు. లాగోస్ లోకల్ రైలుకీ దానికీ ముడిపెట్టొద్దు.

లాగోస్ మామూలు మనిషికి ఈ రైళ్లన్నీ కలిపినా దొరికేది కొంతమందికే. మిగతావాళ్లకి డాన్ఫోనే దిక్కు. పసుపు వ్యాను, రెండు నల్ల గీతలు, తలుపు దగ్గర ఒంటికాలి మీద వేలాడే కండక్టర్ "ఓషోడీ ఓషోడీ ఓషోడీ" అని అరుస్తుంటాడు. చిల్లర లేదనుకోండి, మీకూ పక్కవాడికీ కలిపి ఒక నోటు చేతిలో పెట్టి మీరిద్దరూ పంచుకోండని దింపేస్తాడు. ఇక ముక్కూ మొహం తెలియనివాడితో రోడ్డు పక్కన చిల్లర కోసం వెతుక్కోవాలి. ఆర్టీసీ బస్సు జ్ఞాపకాలున్నవాళ్లు నవ్వుకుంటారు.

2008లో తమకంటూ వేరే లేను ఉన్న బీఆర్టీ బస్సులు పెట్టారు, మైల్ 12 నుంచి ఐలాండ్‌లోని సీఎంఎస్ దాకా 22 కిలోమీటర్లు. మొదట్లో అవి మన అశోక్ లేలాండ్ బస్సులే. తక్కువ ఖర్చులో చేసిన మంచి పని అది, నా దృష్టిలో మెట్రో కంటే ఎక్కువ మందికి పనికొచ్చింది. ఇప్పుడు క్యూలు చూస్తే జాలేస్తుంది.

2023 మే 29న కొత్త ప్రెసిడెంట్ టినుబు ప్రమాణ స్వీకారం రోజే పెట్రోల్ సబ్సిడీ పోయిందన్నాడు. రెండు వందల నైరాల లోపున్న లీటరు కొన్ని రోజుల్లోనే ఐదు వందలు దాటింది, జూలైకి ఆరు వందలు. డాన్ఫో ఛార్జీలు అదే దూకుడు. మా ఫ్యాక్టరీలో హెల్పర్లు కొందరు జీతంలో మూడో వంతు రాకపోకలకే పెట్టి, ఇక లాభం లేదని వారంలో రెండు మూడు రాత్రులు ఫ్యాక్టరీలోనే పడుకునేవాళ్లు. చివరికి మేనేజ్‌మెంట్‌తో కొట్లాడి స్టాఫ్ బస్సు పెట్టించాం. తమ్ముడూ, మీ అన్నయ్యకి కారూ డ్రైవరూ కంపెనీయే ఇస్తుంది, కానీ ఆయన కింద పనిచేసేవాళ్లు ఆలస్యంగా వస్తే ఎందుకో ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది.

పట్టాల_పిచ్చి

ఒక్క ముక్క, రైలు వైపు నుంచి. 1979 నుంచి మూడేళ్లు నైజీరియా రైల్వేని నడిపి చూపించమని మన రైల్వే శాఖ కింద ఉండే రైట్స్ సంస్థకి అప్పగించారు. ఇండియన్ రైల్వే నుంచి వందల మంది స్టేషన్ మాస్టర్లు, ఇంజినీర్లు, లోకో వాళ్లు వెళ్లారు. వాళ్లు ఉన్నన్నాళ్లు రైళ్లు కదిలాయి, కాంట్రాక్టు అయిపోయి వచ్చేశాక మళ్లీ మొదటికి. సికింద్రాబాద్ డివిజన్ పాత తరం వాళ్ల ఇళ్లలో ఆ ఫొటోలు ఇంకా ఉండి ఉంటాయి. ఎవరి నాన్నగారైనా, తాతగారైనా వెళ్లి ఉంటే ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.

కంటైనర్_కష్టాలు

రైళ్లు కట్టి ఏం సాధించారన్న నారద గారి ప్రశ్నకి దాంట్లోనే ఉంది జవాబు. కట్టడం ఇక్కడ కష్టం కాదు, చైనా వాడు కట్టి పెడతాడు. ఇటాక్‌పే-వార్రీ లైను 1987లో మొదలుపెట్టి 2020లో ప్రారంభించారు, అదీ అయింది. విడి బోల్టులూ, మరమ్మతు బడ్జెట్టూ, పట్టాల క్లిప్పులు ఎత్తుకుపోయే దొంగలూ, అవి ఎవడూ రిబ్బన్ కత్తిరించని పనులు. ఇప్పుడు లాగోస్-కలబార్ 700 కిలోమీటర్ల తీర రహదారి మొదలుపెట్టారు. అందులో పదో వంతు డబ్బు లెక్కీ పోర్టుకి ఒక రైలు పట్టా వేయడానికి పెట్టి ఉంటే నేను రేపే అపాపా వదిలేసేవాణ్ని.

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ థాంక్సండీ. దీన్నంతా వదినకి చదివి వినిపించాను. లెక్కీ వద్దు, ఇకేజాలోని జీఆర్ఏ కాలనీలోనే చూద్దామని ఒప్పుకుంది, చుట్టాల దగ్గరికి వారాంతాల్లో వెళ్తారట. అన్నయ్యకి మాత్రం ఆ నీలం రైలు ఒకసారి ఎక్కాలని సరదాగా ఉంది. దానికేం కావాలి?

కాకినాడ_కాజా

శనివారం పొద్దున్నే వెళ్లమనండి. వారాంతం ఐలాండ్ వైపు వస్తారు కదా, కారు మరీనాలో వదిలి అక్కడ ఎక్కి మైల్ 2 దాకా వెళ్లి తిరిగి వస్తే సరి. వెళ్లేటప్పుడు కిటికీ సీటు దొరికితే వంతెన మీద నీళ్లు, ఓడలు బాగా కనిపిస్తాయి.

ఇకేజా_అన్న

గేటు దగ్గర నోట్లు తీసుకోరు, కౌరీ కార్డు ఉండాలి. స్టేషన్ కౌంటర్లోనే ఇస్తారు, అదే కార్డు బీఆర్టీ బస్సుకీ పడవకీ పనికొస్తుంది. మనిషికొకటి తీసుకోమను, ఇద్దరికి ఒకటే గీకుదామంటే గేటు రెండోవాణ్ని వదలదు. ఇల్లు చూసేటప్పుడు నాకు మెసేజ్ పెట్టమను, ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో చెప్తాను.